చెల్లికి ఏ యూనివర్సిటీ

పెద్దకూతుర్ని పాత యూనివర్సిటీలో చదివించి దాని బతుకు పాడుచేశానన్న దిగులు ఆ సైకిల్ షాపాయన్ని ఆరేళ్లుగా తినేస్తోంది. అక్కడ ఫీజు తక్కువ, బస్సులో వెళ్లిరావచ్చు. భూగర్భశాస్త్రం చదివినన్నాళ్లూ అక్క రాళ్లను అద్దాల బీరువాలో చూడటమే తప్ప చేత్తో పట్టుకున్నది లేదు. ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. చదువయ్యాక ఫ్రిజ్జుల కంపెనీలో, చెవులకు ఫోను తగిలించుకుని జనం తిట్లు వినే ఉద్యోగంలో చేరింది.

ఇప్పుడు చెల్లికి రెండుచోట్లా అదే కోర్సులో సీటొచ్చింది. కొత్త యూనివర్సిటీ ఫీజు పాతదానికి పదింతలు.

"షాపు అమ్మేస్తాను," అన్నాడు నాన్న. "నీకు చేసిన అన్యాయం దీనికీ చెయ్యలేనమ్మా."

అక్క కాదనలేదు. తన బతుకు ఇలా ఎందుకైందో చెప్పుకోవడానికి తనకూ అదొక్కటే కారణం.

శనివారం అక్కాచెల్లెళ్లిద్దరూ కొత్త యూనివర్సిటీ చూడ్డానికి వెళ్లారు. ల్యాబ్‌లో మనిషికో మైక్రోస్కోపు. కాగితమంత పల్చగా కోసిన రాతిముక్కను చూడమన్నారు. చెల్లి ఎంతసేపటికీ కన్ను తియ్యలేదు.

"నువ్వూ చూడక్కా."

ఆకుపచ్చ, వంకాయరంగు పలుకులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. వెనకవాళ్లు తొందరపెట్టేదాకా అక్క తలెత్తలేదు.

వరండా గోడనిండా చదువు ముగించి వెళ్లినవాళ్ల ఫోటోలు. చెల్లి ఒకదాని ముందు ఆగి, కింద రాసింది పైకే చదివింది. "ప్రముఖ సంస్థలో వినియోగదారుల సంబంధాల నిపుణురాలు. అంటే ఏం చేస్తారక్కా?"

అక్క ఆ మొహాన్ని గుర్తుపట్టింది. ఆఫీసులో తన పక్క కుర్చీలో కూర్చునే పిల్ల. మొన్ననే, ఫ్రిజ్జులో ఐసు కట్టడం లేదని ఎవరో నోటికొచ్చినట్టు తిడితే బాత్‌రూములోకెళ్లి ఏడ్చి వచ్చింది.

అబద్ధం చెబుదామనుకుంది. నోరు రాలేదు.

"నేను చేసే పనే. ఆ అమ్మాయిది నా పక్క సీటు."

చెల్లి నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగిపోయింది. "మరి మిగతావాళ్లు?"

"వాళ్ల సంగతి నాకు తెలీదే."

బస్సు దిగి ఇంటికొచ్చారు. నాన్న గుమ్మంలోనే ఎదురయ్యాడు. "ఎలా ఉందమ్మా? షాపు కొనేతను సాయంత్రం వస్తానన్నాడు."

"షాపు అమ్మొద్దు నాన్నా. నేనెక్కడికీ వెళ్లను," అని చెల్లి లోపలికి వెళ్లిపోయింది.

"ఏం చెప్పావే దానికి?"

అక్క ఫోటో సంగతి చెప్పింది. తప్పు ఆయనది కాదని తెలిస్తే మనసు తేలికపడుతుందనుకుంది. నాన్న మాత్రం గడపమీదే కూలబడ్డాడు.

"అంటే, ఎక్కడ చదివించినా ఇంతేనా?"

తప్పు తనదనుకున్నన్నాళ్లూ దాన్ని దిద్దుకునే దారి ఒకటి ఆయనకు కనబడుతూ ఉండేది.

వంటింట్లో చెల్లి కుళాయి కట్టేసింది. "అక్కా, మీ ఆఫీసులో ఖాళీలున్నాయా?"

ఖాళీలకేం కొదవ? నెల తిరక్కుండానే ఎవరో ఒకరు మానేస్తూ ఉంటారు.

"ఉన్నాయి," అంది అక్క.