తొంభైతొమ్మిది బావ

మా బావకి డేటా సైన్స్‌లో మాస్టర్స్ చెయ్యాలన్న కోరిక చదువు మీద ప్రేమతో పుట్టింది కాదు, కుర్చీ మీద ప్రేమతో పుట్టింది. పార్సిల్ కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే సెక్షన్‌లో ఆయనది చిన్న కుర్చీ. పెద్ద కుర్చీలో ఉన్నవాడికి ఈ డిగ్రీ ఉందట. ఇంకేం, నలభై దాటాక సాయంత్రం బ్యాచ్‌లో చేరిపోయాడు. నా ఖర్మ కాలి అదే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ప్రాజెక్టుకి మనిద్దరం ఒక జట్టు అన్నాడు. కాదంటే అక్క నొచ్చుకుంటుంది. గడ్డి తిని సరేనన్నాను.

క్లాసులో ఆయన్ని చూసి తీరాలి. ప్రొఫెసర్ గారు నోరు తెరిస్తే చాలు, తలాడించడం మొదలుపెడతాడు. అర్థమైనవాళ్ళు అలా ఊపరండీ, వాళ్ళకి డౌట్లొస్తాయి. సగటుకీ శాతానికీ తేడా ఏంటని ఓసారి అడిగితే, "సందర్భాన్ని బట్టి రెండూ ఒకటే" అన్న మహానుభావుడు. ఆ ప్రొఫెసరూ తక్కువేం కాదు. ప్రాజెక్టులో ఏం చేశారని అడగడు, ఎంత శాతం వచ్చిందని అడుగుతాడు.

కంపెనీలో ఎవరెవరు ఉద్యోగం మానెయ్యబోతున్నారో ముందే చెప్పే మోడల్ తయారుచెయ్యడం మా ప్రాజెక్టు. ఇప్పటికే మానేసినవాళ్ళ వివరాలూ, ఇంకా పనిచేస్తున్నవాళ్ళ వివరాలూ బావే ఆఫీసు నుంచి తెచ్చాడు. పేర్లు తీసేసి నంబర్లు ఉంచారు. మొదటి దెబ్బకే తొంభైతొమ్మిది శాతం సరిగ్గా చెప్పింది మోడల్. అంత వస్తే బుర్రున్నవాడికెవడికైనా భయమెయ్యాలి. ఉద్యోగం ఎప్పుడు మానేస్తామో మనకే సరిగ్గా తెలీదు కదా! బావ మాత్రం చుట్టాలందరికీ ఫోన్లు కొట్టాడు. ఆ రోజు నుంచీ నాకు ఆయన తొంభైతొమ్మిది బావ.

"బావా, మోడల్ మొత్తం ఈ ఏ-పదిహేడు అనే కాలమ్ మీదే ఆధారపడుతోంది. ఇదేంటి?" అన్నాను.

"ఏదో కోడ్. అవన్నీ మిషన్ చూసుకుంటుంది మరదలా."

"మీ కంపెనీదే కదా, ఎవర్నైనా అడగండి."

"భలేదానివే! అడిగితే నాకు తెలీదని తెలిసిపోదూ?"

అదండీ ఆయన చదువు. తెలుసుకోవడం కన్నా, తెలీదని పక్కవాళ్ళకి తెలియకపోవడం ముఖ్యం.

నాకు ఒక్క మాటైనా చెప్పకుండా, మోడల్ చేత మానెయ్యబోయేవాళ్ళ జాబితా ఒకటి తీయించి పట్టుకెళ్ళి మేనేజర్‌కి ఇచ్చేశాడు. ఆఫీసులో నంబర్లకి పేర్లు కలిపి చూస్తే అందరికన్నా పైన ఉన్నది మా అక్క.

అక్కదీ అదే కంపెనీ. కస్టమర్ల ఫిర్యాదులు వినే సెక్షన్‌లో బావకన్నా ముందు నుంచీ పనిచేస్తోంది. పార్సిల్ పగిలిందని ఒకడు, పక్కింటికి పోయిందని ఇంకొకడు, పొద్దస్తమానం తిట్టేవాళ్ళే. అన్నీ నవ్వుతూ దిగమింగింది. సెక్షన్ హెడ్ పదవి ఈసారి తనదేనని ఆఫీసంతా అనుకుంటున్నారు. మేనేజర్ ఆ జాబితా చూసి, "వెళ్ళిపోయే మనిషికి పదవెందుకు?" అని అక్క పేరు పక్కన పెట్టేశాడు.

ఆ సాయంత్రం నేను అక్కవాళ్ళింట్లోనే ఉన్నాను. బావ బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు.

"నిజం చెప్పు, ఉద్యోగం మానేస్తున్నావా?"

"ఎవరు చెప్పారండీ?" అంది అక్క.

"మోడల్ చెప్పింది."

"నేను మానను. ఆ పదవి కోసం ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నానో మీకు తెలీదా?"

"తెలుసనుకో. కానీ తొంభైతొమ్మిది శాతం కదా..."

పక్కన నిలబడి మాట్లాడుతున్న పెళ్ళాన్ని నమ్మడు, పెట్టెలో లెక్కని నమ్ముతాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి, అక్క నంబరు అడిగి తన వివరాలు తీశాను. ఏ-పదిహేడు కింద ఒక తేదీ ఉంది. ఆ రోజు ఏం జరిగిందక్కా అని అడిగాను.

అక్క ఫోన్‌లో క్యాలెండర్ తీసి చూసింది. "నా ల్యాప్‌టాప్ ఆఫీసులో తిరిగిచ్చేశాను, రిపేరుకి. మీ బావ దాని మీద కాఫీ ఒలకబోశారుగా. తర్వాత నాకు ఇంకోటి ఇచ్చారు."

అప్పటికి వెలిగింది నాకు. ఆ కాలమ్‌లో ఉన్నది ల్యాప్‌టాప్ కంపెనీకి అప్పజెప్పిన తేదీ. మానేసినవాళ్ళందరూ పోయే రోజు అప్పజెప్పే పోతారు. అంటే మా ఘనమైన మోడల్ కనిపెట్టిందేంటయ్యా అంటే, వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోయారని! పరీక్ష హాల్లో జవాబుల కాగితం చేతికిచ్చి, ఫస్టొచ్చాడని ఊరేగించినట్టుంది. జాబితాలో మిగతావాళ్ళవీ రిపేరుకెళ్ళిన ల్యాప్‌టాప్‌లే అయ్యుంటాయి. పడీ పడీ నవ్వాను. అక్క మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

బావకి విడమరిచి చెప్పాను. మొహం తెల్లబోయింది. పాపం, ఒక్క నిమిషమే.

"వైవా అయ్యేదాకా నోరెత్తకు. మేనేజర్ గారు కూడా వస్తున్నారు. తర్వాత మెల్లిగా నేనే చెప్తాలే."

"ఈలోపు అక్క పదవి ఇంకొకరికి పోతుంది బావా!"

ఆయన అక్క వైపు తిరిగి, ఎంతో జాలిగా అన్నాడు. "వందలో ఒకటి తప్పుతుంది కదా. ఆ ఒకటీ నువ్వే అనుకో."

అక్క స్టవ్ ఆపేసింది.

వైవా రోజు బావ కోటు వేసుకొచ్చాడు. ముందు వరసలో ప్రొఫెసర్, పక్కన మేనేజర్. తొంభైతొమ్మిది అంకె తెర నిండా పెట్టి బావ ఛాతీ విరుచుకున్నాడు. నేను లేచి, ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేశాను. కాఫీ సంగతితో సహా. వెనక బెంచీలవాళ్ళు ఘొల్లున నవ్వారు.

"ఆసక్తికరమైన పరిశీలన," అన్నాడు ప్రొఫెసర్. అంతకుముందు అదే మోడల్‌ని నెత్తిన పెట్టుకుని క్లాసులన్నీ తిప్పింది ఈయనే, సిగ్గు లేకపోతే సరి! ఇద్దరూ ప్రాజెక్టు మళ్ళీ చెయ్యాల్సిందేనన్నాడు. చేస్తాను, నాకేం. మేనేజర్ మాత్రం కందగడ్డలా ఎర్రబడ్డ మొహంతో నా దగ్గరికొచ్చి, "రేపటి నుంచి మీ అక్కే సెక్షన్ హెడ్" అన్నాడు. పరిగెత్తినట్టే వెళ్ళి అక్కకి చెప్పాను.

మర్నాడు అక్క మేనేజర్ గదిలోకెళ్ళి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టిందట.

"రిపేరుకా?" అన్నాడట ఆయన.

"కాదండీ. మానేస్తానో లేదో నన్నొక్క మాట అడిగి ఉంటే, రిటైరయ్యేదాకా ఇక్కడే ఉండేదాన్ని."

సాయంత్రం అక్క ఈ సంగతి చెప్తే బావ నోరెళ్ళబెట్టాడు. తర్వాత మెల్లిగా, నమ్మండి, ఆ మొహం వెలిగిపోయింది.

"చూశావా మరదలా! మోడల్ తప్పన్నావు. మానేసిందా లేదా?"

గబగబా ల్యాప్‌టాప్ తెరిచి కొత్త స్లైడ్ మొదలుపెట్టాడు. అక్క గదిలోకెళ్ళి బట్టల సంచీతో బయటికొచ్చింది.

"ఏమండీ, ఇంట్లోంచి ఎవరు వెళ్ళిపోతారో కూడా చెప్తుందా మీ మోడల్?"

"డేటా ఉంటే ఎందుకు చెప్పదూ?" అన్నాడు తలెత్తకుండా.

అక్క తన ఇంటి తాళంచెవి తీసి ఆయన చేతి పక్కన పెట్టింది. ఆయన దాన్ని కొంచెం అవతలికి జరిపి టైపు చేసుకుంటూనే ఉన్నాడు. అదెందుకు పెట్టావని అడగలేదు. సంచీ నేను అందుకున్నాను, ఇద్దరం మెట్లు దిగాం.