మూడో నంబరు తుక్కు కాదు

మా షెడ్డులో నంబర్లు మూడే. సిమెంటు రేకు నా బల్ల మీదికి రాగానే చిన్న సుత్తితో తట్టి వింటాను. ఖంగుమంటే ఒకటి. అంచున బీట ఉంటే రెండు, ఆ అంచు కోసేసి చిన్న రేకుగా అమ్ముతారు. బొంగురు చప్పుడొస్తే సుద్దముక్కతో మూడు వేస్తాను. అది తుక్కు. మా ఆయన పదహారేళ్ళు అదే షెడ్డులో కోత యంత్రం మీద నిలబడ్డాడు. నేను రెండు వేసిన ప్రతి రేకునూ కోశాడు, ఆ దుమ్మంతా పీల్చాడు. మూతికి కట్టుకోవడానికి ఒక గుడ్డపేలిక ఇచ్చారు, అంతే.

మూడంటే తుక్కేనని ఇన్నేళ్ళూ చూసినవాడు కాబట్టి, డాక్టరమ్మ "ఊపిరితిత్తుల క్యాన్సర్, మూడో దశ" అనగానే ఆయన చెవులు మూసుకుపోయాయి. ఇంటికొచ్చి మంచమెక్కి గోడవైపు తిరిగాడు.

"సోమవారం నుంచి మందు ఎక్కిస్తారు. నువ్వు రావాలి," అన్నాను.

"మూడో నంబరే. నీ చేత్తో ఎన్ని పారేయించావు? తుక్కుకి మందేంటే?"

"నువ్వేమన్నా రేకువా?"

"రేకైతే నయం. దగ్గదు."

నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. జోకులేస్తూ చావడానికి సిద్ధపడుతున్నాడు ఈ మనిషి!

మర్నాడు పని మానేసి ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ నా వెనకున్న వరుసను చూసింది.

"మొన్నే అంతా చెప్పానమ్మా."

"చెప్పారు. మాకు ఎక్కలేదు. రేకుల్లో బీటలు పట్టేదాన్ని నేను. ఈ బీట ఎక్కడిదాకా పోయిందో చెప్పండి. తెలిసేదాకా ఈ కుర్చీ వదలను."

ఆవిడ నిట్టూర్చి, కాగితం లాక్కుని రెండు ఊపిరితిత్తులు గీసింది. గడ్డ చిన్నదిగా ఒకదానిలోనే ఉంటే ఒకటో దశ. పెరిగినా, అదే ఊపిరితిత్తిని అంటుకున్న గ్రంథుల్లో చేరినా రెండు. ఛాతీ మధ్యనున్న గ్రంథులదాకా పోతే మూడు. కలం అక్కడ ఆగింది.

"అక్కడితో అయిపోయిందా?"

"లేదమ్మా, నాలుగు ఉంది. ఎముకలకో, మెదడుకో, కాలేయానికో, రెండో ఊపిరితిత్తికో పాకితే నాలుగు. మీ ఆయనకి అలా పాకినట్టు స్కాన్‌లో ఎక్కడా లేదు."

"అయితే బతుకుతాడా?"

"మాటివ్వలేను. మందూ రేడియేషనూ కలిపి ఇస్తాం. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. ఇంట్లో పడుకుంటే మాత్రం అది ఊరుకోదు."

అబద్ధం చెప్పలేదు. అందుకే నమ్మాను.

ఇంటికి రాగానే సుద్దముక్క తీసి, ఆయన చూస్తున్న గోడ మీదే ఛాతీ బొమ్మ గీశాను. ఒకటి, రెండు, మూడు గుర్తులు పెట్టి, ఛాతీకి అవతల నాలుగు వేశాను.

"నాలుగు కూడా ఉందా?" ఆయన మోచేతి మీద లేచాడు.

"ఉంది. నువ్వు అక్కడ లేవు. మన షెడ్డు లెక్క నీ ఒంటికి పనికిరాదయ్యా. అక్కడ నంబరు వేస్తే పని అయిపోయినట్టు. ఇక్కడ నంబరు వేస్తేనే పని మొదలు."

చెయ్యి చాచి గోడ మీది మూడు గుర్తును వేలితో తడిమాడు.

"బొమ్మ దరిద్రంగా గీశావు," అన్నాడు. "నీలం చొక్కా ఉతికిందేనా?"

సోమవారం నాతో ఆసుపత్రికి పోతూ షెడ్డు గేటు దగ్గర ఆగాడు. కోత యంత్రాల దగ్గరున్న నలుగురినీ పిలిచి, దగ్గు మధ్యలో మాట కూడదీసుకున్నాడు.

"ఒరేయ్, ఈ జబ్బు ఒకటిలో ఉండగానే పట్టుకుంటే కోసి తీసేసే అవకాశం ఎక్కువంట. వెళ్ళి చూపించుకోండి. నా నంబరుదాకా రాకండి."

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "పనివేళ ఈ మీటింగులేంటమ్మా?" అని నన్ను అడిగాడు.

"మీటింగు కాదు సార్, పరీక్ష. దానికే కదా నన్ను పెట్టుకున్నారు! వీళ్ళ నలుగురికీ స్కాన్‌కి సెలవు రాసి పెట్టండి. సాయంత్రం వచ్చి చూస్తాను."

వెనక్కి తిరిగేసరికి మా ఆయన రోడ్డెక్కేశాడు. ఆగి దగ్గాడు. మళ్ళీ నడిచాడు. నేనే పరుగెత్తి అందుకోవలసి వచ్చింది.