బాంబర్ ముక్కుకు నిమ్మకాయ

గల్ఫులో, ముఐథర్ అనే ఊరు దాటాక ఉన్న ఆ షెడ్డులో, ధ్వనికన్నా వేగంగా పోయే బాంబర్ విమానం ఐదేళ్ళుగా తయారవుతోంది. కాగితాల మీద దాని వేగం ఏటా పెరుగుతూనే ఉంది. షెడ్డులో మాత్రం అంగుళం కదలలేదు. ఇంజన్ ఇంకా బొమ్మలోనే ఉంది, ఒళ్ళంతా ప్లైవుడ్డు. ఆ ప్లైవుడ్డును కోసి, చెక్కి, రంగేసినవాడు ఆర్మూరు దగ్గరి వడ్రంగి లస్మయ్య. మరి ఇంజనీర్లేం చేశారంటారా? మీటింగులు చేశారు పాపం!

విమానం ఎగిరినా ఎగరకపోయినా లస్మయ్యకు ఒకటే. సోమవారం నిజామాబాదులో భార్య సాయవ్వకు ఆపరేషన్, పక్కన తనుండాలి. లీవు కాగితం నెలరోజులుగా మేనేజర్ గయాజ్ బల్లమీదే పడి ఉంది. గయాజ్‌ది హైదరాబాదే. అయినా "షో కానీ లస్మయ్యా, సంతకం చేస్తా" అని దాటవేస్తూ వచ్చాడు.

గురువారం షో. ఏదో దేశపు జనరల్ కొనడానికొచ్చాడు. లస్మయ్య తన చేతిలో తయారైన ఏ కొత్త వస్తువుకైనా దిష్టి తగలకుండా ఏదో ఒకటి కడతాడు. పొద్దున్నే అలవాటుగా విమానం ముక్కు కింద నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చి వేలాడదీశాడు. జనరల్ కన్ను సరిగ్గా దానిమీదే పడింది.

"ఇదేమిటి?"

గయాజ్ గబుక్కున ముందుకొచ్చాడు. "రక్షణ పరికరం సార్. శత్రువు చూపు తగలనివ్వదు. మిగతాది రహస్యం."

చెప్పింది పూర్తి అబద్ధమూ కాదు! జనరల్ వంగి, మిరపకాయను ముట్టబోయి, మర్యాదగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంజన్ గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పదిహేను రోజుల్లో నిపుణులతో వచ్చి ఆ పరికరాన్నే చూస్తానన్నాడు.

ఆయన కారు గేటు దాటగానే లస్మయ్య వచ్చి నిలబడ్డాడు.

"లీవా? మాఫీ లీవ్, లీవ్ లేదు! నీ నిమ్మకాయే గద నన్ను ముంచింది. వాళ్ళొచ్చి పోయేదాకా నువ్వు కదలద్దు."

లస్మయ్యకు ఒళ్ళు మండింది. ఎండకు అప్పుడే వడలిపోతున్న నిమ్మకాయను చూశాడు.

"అది ఎండితే పనిచెయ్యది సార్."

"మార్కెట్ల ఇంకోటి కొను."

"మార్కెట్ కాయ పట్టది. మా పెరట్ల చెట్టుదే కావాలె, మా ఇంటామె చేత్తోనే గుచ్చాలె. నిపుణులస్తరట గద, రేపు పనిచెయ్యకుంటె నన్ననొద్దు. మీ ఇష్టం."

గయాజ్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆ నిపుణులు ఏం అడుగుతారో ఎవడికి తెలుసు! కాగితం తీసి, కారణం దగ్గరున్న 'భార్య ఆపరేషన్' కొట్టేసి, 'రక్షణ పరికరం సేకరణ' అని రాసి సంతకం గీకాడు.

"టికెట్ కంపెనీది. యల్లా, పో!"

బయటికి రాగానే లస్మయ్య ఇంటికి ఫోన్ చేశాడు. "లీవిచ్చిండ్రే. ఎల్లుండి ఇంట్లుంట."

సాయవ్వ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. "నా ఆపరేషననే ఇచ్చిండ్రా?"

"కాదు. నిమ్మకాయలు తెస్తనన్న."

సాయవ్వ ఏడుపు టక్కున ఆగింది.

"ఏందయ్యా! నా కడుపు కోస్తరంటె నెలసంది ఇయ్యనోళ్ళు, నిమ్మకాయంటె ఇచ్చిండ్రా?"