ఫార్మాట్ చేయమంటారా?

డిస్కును నా కంప్యూటర్‌కు తగిలించగానే తెరమీద ఒక ప్రశ్న వచ్చింది. దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని. కింద రెండు గడులు: అవును, కాదు.

"అవును నొక్కెయ్ బావా," అన్నాడు నా బావమరిది. కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాడు. లోకంలోని ప్రతి యంత్రమూ తన మాట వింటుందని అతని నమ్మకం.

"నొక్కితే లోపల ఉన్నవి చెరిగిపోవూ?"

"ఉంటేగా! చూపించట్లేదంటే ఖాళీ అన్నమాటే."

ఉండాలి. నా భార్య చూపులేని పిల్లల బడి కోసం సైన్సు పుస్తకం చదివి రికార్డు చేసేది. మొదటి సగం బడికి చేరింది. మిగతా పాఠాలు కూడా చదివేశానని ఆసుపత్రికి వెళ్లేముందు చెప్పింది. మళ్లీ ఇంటికి రాలేదు. ఆమె కంప్యూటర్ ఈమధ్యే కాలిపోయింది. అందులోంచి ఊడదీసిన డిస్కు ఇది. పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి. వేరేవాళ్ల చేత చదివించుకోమంటారా అని బడివాళ్లు మర్యాదగా అడిగారు. కాస్త ఆగమన్నాను.

'కాదు' నొక్కాను.

"మొండివాడివి బావా. అక్క ఊరికే అనేది కాదు."

విసుక్కుంటూనే, డిస్కుల వివరాలు కనిపించే చోటు తెరిచి చూపించాడు. అక్కడ ఒక్కో డిస్కు ఒక్కో పొడవాటి పట్టీ. నా డిస్కు పట్టీ మీద నీలిగీత, దాని కింద ఫార్మాట్ పేరు: ఎన్‌టీఎఫ్‌ఎస్. ఆమె డిస్కు మీదా నీలిగీతే. పేరు ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు.

"చూశావా? నే చెప్పలా?"

"మరి నా పట్టీ చివర ఈ నల్లగీత ఏమిటి?"

"అదా, ఇంకా వాడని చోటు. ఎవరూ ముట్టుకోలేదు."

"అంటే ఖాళీకి నలుపు. ఇది నీలం కదా?"

అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

నేను దిద్దే పరీక్షల్లో ఖాళీ పేపరు ఇచ్చిన పిల్లలూ, నాకు రాని లిపిలో రాసిచ్చిన పిల్లలూ ఒకటి కాదు. ఆ రెండో పేపరుకు సున్నా వేసే హక్కు నాకు లేదు. ఎవరో ఈ డిస్కును ఫార్మాట్ చేశారు. ఏ పద్ధతిలో అన్నదే నా కంప్యూటర్‌కు తెలియడం లేదు.

"మీ అక్క కంప్యూటర్ తెరిస్తే నాదానిలా ఉండేది కాదు," అన్నాను. "ముట్టుకుంటే దారి తప్పుతారని నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు."

అతను నుదురు కొట్టుకున్నాడు. "నీలా విండోస్ కాదు, లైనక్స్! అక్క సర్వే ఆఫీసులో మ్యాపులు దానిమీదే గీసేది. నాకూ నేర్పిస్తానంటే తప్పించుకు తిరిగాను."

లైనక్స్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, నా డిస్కు జోలికి పోకుండా, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్‌తోనే మొదలుపెట్టాడు. తెర కొత్త రంగులో వెలిగింది. ఆమె డిస్కు వివరాలు అడిగాడు. ఇందాక ఖాళీగా ఉన్న చోట ఇప్పుడు పేరు ఉంది: ఈఎక్స్‌టీ4.

"ఇదీ సంగతి. లైనక్స్ వాళ్ల ఫార్మాట్. విండోస్‌కు దీని మొహం తెలీదు." "ఇందాక నొక్కి ఉంటే..." అంటూ మౌస్ మీంచి చెయ్యి తీశాడు.

పాఠాలన్నీ వరసగా ఉన్నాయి. చివరిది పెట్టమన్నాను.

"శబ్దం," అంది ఆమె గొంతు. "శబ్దం ప్రయాణించాలంటే మధ్యలో గాలో, నీరో, ఏదో ఒకటి ఉండాలి..." ఆగిపోయింది. "ఏమండీ! ఫ్యాన్ ఆపమన్నానా? మళ్లీ మొదటికొచ్చింది నా పని."

ఎక్కడో దూరంగా నా గొంతు: "ఉక్కపోస్తోందే."

"ఉడకండి," అని నవ్వింది.

బావమరిది తెరవైపే చూస్తూ, "బడికి ఇచ్చేముందు ఈ ముక్క కత్తిరించాలి బావా," అన్నాడు.

"వాళ్లకిచ్చే కాపీలో కత్తిరిద్దాం."

లేచి వెళ్లి ఫ్యాన్ ఆపాను.

"మొదటి నుంచి పెట్టు," అన్నాను.