ఐదో మనిషి

కొట్టిన చెరకు గానుగ దగ్గర రెండో రోజూ ఎండుతోంది. లోవమ్మ ఒక్కతే గోనెలు తడిపి దాని మీద కప్పుతోంది. మునగపాక పక్కన మా ఊళ్లో ఎవరి వంతు వస్తే వాళ్ల చెరకుకు ఊరంతా చెయ్యి వేస్తుంది. బెల్లం వండే పెనం దించడానికే నలుగురు కావాలి.

లోవమ్మ కూతురు జ్యోతిలక్ష్మి మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేది. కంపెనీ విషపు నీళ్లు మా కాలవలోకి వదులుతోందని ఫొటోలతో బయటపెట్టింది. ఆ నీళ్లు ఆగాయి గానీ, రహస్యాలు దొంగిలించిందని ఆమెనే జైల్లో పెట్టారు. శిక్ష అయిపోయినా వదల్లేదు. రోజూ స్టేషన్లో సంతకం పెట్టాలి. ఆమె ఉన్నచోట నలుగురికి మించి చేరకూడదు. చేరితే జైలు మాకు కాదు, ఆమెకే.

ఆ షరతు మాకెంత వాటంగా దొరికిందో చెప్పాలంటే సిగ్గేస్తోంది. గానుగ దగ్గర హెడ్డు కానిస్టేబులు నిలబడి మనుషుల్ని లెక్కపెట్టాడు. ప్రతివాడూ ఐదోవాడు తనేనని జారుకున్నాడు. నేనూ అంతే.

సాయంత్రం టీకొట్టు దగ్గర సూర్యనారాయణ అన్నాడు: "ఆ పిల్ల మంచికే కదా ఎల్లలేదు."

సంతకం పెట్టి వస్తున్న జ్యోతిలక్ష్మి ఆ మాట విని ఆగింది.

"నా మంచికని సెప్పకు మామా. బయమేసి రాలేదని సెప్పు. అదైతే నాకూ తెలుసు."

గానుగలో చెరకు పెట్టే మరిడమ్మ లేచింది.

"దీని పుణ్యాన కాలవ తేటపడింది. ఆ నీళ్లతోనే మన సెరుకు పండింది. ఇంకా ఏటి సూత్తన్నారు?"

"మనం ఎల్తే దాన్నట్టుకుపోతారే," అన్నాను.

"దాన్నే అడుగు."

అడిగాను. జ్యోతిలక్ష్మి "రండి," అంది.

తెల్లారి ఊరంతా గానుగ దగ్గరే ఉంది. పాకం చిక్కబడే వేళకు పోలీసు జీపు వచ్చింది.

"పెనం దిగేదాకా ఆగండి సార్, మాడిపోద్ది," అంది జ్యోతిలక్ష్మి. ఆగలేదు, ఎక్కించుకుపోయారు. పెనం దించే నలుగురినీ లోవమ్మ దగ్గర ఉంచి మిగతావాళ్లం స్టేషన్‌కి నడిచాం.

"గుంపు కట్టింది మేం," అంది మరిడమ్మ. ఆమె చేతులు ఇంకా జిగురుగానే ఉన్నాయి. "ఆ పిల్ల తన సెరుకు కాడ తను నిలబడింది. మమ్మల్ని రాసుకో."

హెడ్డు పెన్ను తీశాడు. "ముందెవరు?"

నేను ఒక అడుగు ముందుకు వేశాను. లోపలి బల్ల మీంచి జ్యోతిలక్ష్మి మావైపే చూస్తోంది.

"ఐదోవాణ్ణి నేనే. ధనరాజ్. రాసుకోండి."

"నా పేరు కూడా," అన్నాడు వెనక నుంచి సూర్యనారాయణ. అతని వెనక వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది.