ఖాళీ విస్తళ్ళు

సంచిలో అడుగున గరిటెలు పెట్టాను. వాటి మీద విస్తళ్ళు, ఆయన బీపీ మాత్రలు, ఆయన తువ్వాలు, ఆయన కుర్చీలో వేసుకునే మెత్త, మనవరాలికి మార్చడానికి ఒక గౌను. ఎవరు ఏ ఊరు బయల్దేరినా మా ఇంట్లో సంచి సర్దేది నేనే. సర్దుతున్నంతసేపూ ఏదో మరిచిపోయానన్న భయం. గుమ్మం దాటినవాళ్ళు మళ్ళీ కనబడేదాకా ఆ భయం పోదు. ఆసుపత్రికని సంచి పట్టుకుని వెళ్ళిన మా అమ్మను ఆ తర్వాత మాట్లాడగా చూడలేదు.

ఆ వేళ కార్తీక ఆదివారం. గుంటూరు బయట నగరవనంలో మా వాళ్ళందరి వనభోజనం. పత్తి తీతలు మొదలైనా ఆ ఒక్క రోజూ కూలీలను రావద్దన్నారు. వేటపాలెం నుంచి మా చెల్లెలు లక్ష్మీదుర్గ కూడా వచ్చింది. మొగుడు పోయాక అక్కడ జీడిపప్పు ఏరే పనికి వెళ్తూ ఒక్కతే బతుకుతోంది.

ఉసిరిచెట్టు కింద పూజ అయింది. మగవాళ్ళు పేక ముక్కలు తీశారు. భోజనాలకు ఇంకా వేళ ఉంది.

"అట్టా నడిచొద్దాం రా అక్కా," అంది దుర్గ.

నాకు నడక మీద కన్నా చెట్లకు కట్టిన పేర్ల పలకల మీద ఆశ. నేను బడి మొహం చూడలేదు. సరుకులు కట్టిచ్చిన కాగితాల మీద కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఇంట్లో పేపరు పట్టుకుంటే ఆయన, "ఏందమ్మా, కలెక్టరు పరీక్షా?" అనేవారు. ఆయన చెప్పుల చప్పుడు వినబడగానే మడిచి దిండు కింద పెట్టేదాన్ని. ఇక్కడ ఎగతాళి చేసేవాళ్ళు ఎవరూ లేరు. కానుగ. నల్లమద్ది. నారవేప. పైకే చదివాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇంకొక్క చెట్టు, ఇంకొక్క చెట్టు అనుకుంటూ లోపలికి పోయాం.

తిరిగొచ్చేసరికి అందరూ బంతిలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఖాళీ విస్తళ్ళు. పులిహోర గుండిగ, పప్పు, దప్పళం పక్కనే ఉన్నాయి. మూత తీసిన వాళ్ళు లేరు. కోడలు జ్యోతిర్మయి తల వంచుకుని కూర్చుంది. మనవరాలు దాని ఒళ్ళో నిద్రపోతోంది.

"వచ్చావా?" అన్నారు ఆయన. "ఇంతమందిని విస్తళ్ళ ముందు కూర్చోబెట్టి షికారుకెళ్ళావా? జుట్టు నెరిసింది గానీ సిగ్గు రాలా నీకు."

"పోనీలే అన్నయ్యా," మరిది బుల్లయ్య అందుకున్నాడు. "వదిన అడివి సర్వే చేసొచ్చింది. హద్దులు తేలినయ్యా వదినా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. పొరపాటైందండీ, పొరపాటైందండీ అంటూ ఒక్కో విస్తరి దగ్గరా వంగాను. తొందరలో దప్పళం ఆయన విస్తరి దాటి మట్టిలో పడింది.

"కళ్ళు గూడా పోయినయ్యా?"

నేను జ్యోతిర్మయి విస్తరి దగ్గరికి వచ్చినప్పుడు, తను గొంతు తగ్గించి చెప్పింది. "నేను వడ్డిద్దామని లేచానత్తయ్యా. మావయ్యగారు కూర్చోమన్నారు. 'విస్తరి ముందు కూర్చున్నోళ్ళు లేవకూడదు, మీ అత్తే వచ్చి వడ్డించాలి' అన్నారు. పాప ఏడ్చి ఏడ్చి పడుకుంది."

పాప చెంపల మీద కన్నీటి చారలు ఇంకా ఆరలేదు. నా సిగ్గు అక్కడ మారింది. ఇక అది ఆలస్యమైనందుకు కాదు. నన్ను నలుగురిలో దోషిగా నిలబెట్టడానికి పసిదాన్ని ఆకలితో ఏడిపించిన మనిషికి, భోజనమయ్యాక చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తున్నందుకు. ఆయన చెయ్యి చాపారు, చూడను కూడా చూడలేదు. నేను పోశాను. నిద్ర లేచిన పాప అదంతా చూస్తోంది.

సాయంత్రం గేటు బయట వ్యాను నిలబడింది. దుర్గ తన ఊరి వైపు పోయే చీరాల బస్సు కోసం రోడ్డు పక్కన చూస్తోంది.

"ఏందే నిలబడ్డావు? ఎక్కు. గిన్నెలన్నీ సరిచూశావా?"

"చూశానండి. అన్నీ ఉన్నాయి. నేను దుర్గతో వెళ్తాను."

"ఎన్నాళ్ళు?"

ఈ వయసులో చెల్లెలి పంచన చేరుతున్నానే అని సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. నేలచూపు చూస్తూనే రోడ్డు దాటాను.

"రెండ్రోజులకి అదే వస్తదిలేరా," ఆయన బుల్లయ్యతో అనడం వెనక నుంచి వినబడింది.

వ్యాను పొద్దుగూకేలోపే ఊరు చేరిందట. నిరుడు కార్తీకం మూడో ఆదివారం ఆ ఇంట్లోంచి బయల్దేరినవాళ్ళలో తిరిగి రానిది నేనొక్కదాన్నే.