ఇంకా రెండు ల్యాపులు

“తువ్వాళ్ళైనా లెక్కగా పిండావా, అక్కడా రెండు వదిలేశావా?” అని అత్తగారు వరండాలోంచి అడిగేసరికి ఆమె చేతిలో ఏడో తువ్వాలుంది. అత్తగారిది మరీ చెడ్డ మనసేం కాదు, రోజుకొకర్ని ఎగతాళి చేస్తే తప్ప ముద్ద దిగని నోరు, అంతే. మామగారు పేపరు వెనకాల కిసుక్కున నవ్వారు. మొగుడు మాత్రం నవ్వలేదు. “పోనీలే అమ్మా, అయిందేదో అయింది,” అన్నాడు, బోలెడు పెద్ద మనసు చేసుకుని. ఆ పెద్ద మనసు చూసే ఆమెకి ఒళ్ళు మండింది. తువ్వాలు మెలిపెట్టి పిండింది. దులిపి దండెం మీద వేసి, ఎనిమిదోది అందుకుంది.

ఆమె అలాంటిలాంటి ఈతగత్తె కాదు మరి. చిన్నప్పుడు వాళ్ళమ్మ నీటికోడీ అని పిలిచేది. పదిహేను వందల మీటర్ల పందెంలో వరసగా ఏడేళ్ళు ఛాంపియను. ఆ పందెమంటే కొలను ఈ చివర నుంచి ఆ చివరకి ముప్పై ల్యాపులు. అంతసేపు ఈదితే ఎవరి బుర్రైనా మొద్దుబారుతుంది కాబట్టి, అవతలి గట్టున ఒక మనిషి కూర్చుని, ఇంకా ఎన్ని ల్యాపులున్నాయో అంకెల పలక నీళ్ళలోకి దించి చూపిస్తారు. పెళ్ళికి ముందు కోచమ్మ చూపించేది. పెళ్ళయ్యాక మొగుడు “నేనుండగా పరాయివాళ్ళెందుకు?” అన్నాడు. అప్పట్లో ఆమెకి అది ముద్దుగానే ఉంది, చెప్పొద్దూ. తర్వాత్తర్వాత పత్రికలవాళ్ళు ఆమెను అడిగితే జవాబు ఆయన చెప్పడం మొదలైంది. “మేం ఈసారి మొదటి సగం కావాలనే నెమ్మదిగా ఈదాం,” అనేవాడు, ఇస్త్రీ మడత నలగని చొక్కాలో నిలబడి.

నిజానికి ఆమె ఆ పలకని నమ్ముకుని ఎన్నడూ ఈదలేదు. నీళ్ళలో తల ముంచాక పిలిచేవాళ్ళుండరు, పలికేవాళ్ళుండరు, తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకో తోడుండదు. ఆ ఒంటరితనంలో తనకంటూ ఒక లెక్క కట్టుకుంది. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఇంట్లో తను చేసే పనులు వరసగా ముప్పై. మొదటి ల్యాపు పాలు కాచడం, రెండోది మామగారి మాత్రలు, మూడోది మొగుడి చొక్కా ఇస్త్రీ. అలా ఇరవై ఎనిమిదోది పొయ్యిగట్టు తుడవడం, ఇరవై తొమ్మిదోది వీధి తలుపు గడియ, ముప్పయ్యోది దీపం ఆర్పడం. దీపం ఆరిందంటే పందెం ముగిసినట్టే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని కాదు, నీళ్ళలో కూడా మన ఇంటి పనే చేస్తోందని మురిసిపోతారని.

మొన్నటి పందెంలో అందరికన్నా ముందుంది. ఇరవై ఏడో ల్యాపు చివర, మూడు అంకె ఉండాల్సిన పలక మీద ఒకటి కనిపించింది. పక్కన కూర్చున్నాయనకి తన భార్యని తానెలా తీర్చిదిద్దాడో చెప్పుకుంటూ మొగుడు పలక మీది అంకెల రేకులు రెండు ఒక్కసారే తిప్పేశాడట. తర్వాత ఆ పక్కాయనే వచ్చి ఆమెకి చెప్పాడు. అప్పుడు మాత్రం ఆ ఒకటి చూసి, ఇదే చివరిదనుకుని ఉన్న సత్తువంతా పెట్టి ఈది, గోడ ముట్టుకుని తలెత్తింది. పొయ్యిగట్టు తుడవడమైతే అయింది, కానీ గడియ పడలేదు, దీపం ఆరలేదు. ఆ సంగతి ఆమెకి తెలుస్తూనే ఉంది. అయినా ఆగింది. సరిగ్గా అప్పుడే నెత్తిమీద గంట గణగణమంది, ముందున్నవాళ్ళకి ఇంకా రెండే ల్యాపులని చెప్పే గంట. పక్క వరసల వాళ్ళు గిరుక్కున తిరిగి వెళ్ళిపోయారు. ఆమె తేరుకుని మళ్ళీ ఈదేసరికి మూడో స్థానం.

“కంగారుపడింది పాపం, లెక్క తప్పింది,” అని మొగుడు ఊరంతా చెప్పాడు. పలక ఊసెత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఆయన పొరపాటు ఆమెని అంతగా బాధించలేదు, మనిషన్నాక పొరపడడా? సరైన లెక్క చేతిలో ఉండి కూడా దాన్ని వదిలేసిందే, అదే ముల్లులా గుచ్చుకుంటోంది. వెనక్కి తిరిగి చూసుకుంటే ఎన్నిసార్లని! కూరలో ఉప్పు సరిపోయిందని నాలుకకి తెలిసీ, ఆయన చాలదంటే ఇంకాస్త వేసింది. తను పనిచేసే ఆఫీసులో పెద్ద కుర్చీ ఇస్తామన్నప్పుడు చేయగలనని తెలిసీ, “నీకెందుకా తలనొప్పి” అంటే వద్దని రాసిచ్చింది. ఒళ్ళు జ్వరంతో కాగుతున్నా ఆయన ఏం లేదంటే లేదనుకుంది. నలుగురిలో కూర్చున్నా ఈ మాట చెప్పుకునే మనిషి ఒక్కరూ కనిపించలేదు.

నెల తిరిగేసరికి జట్టు ఎంపిక పందెం వచ్చింది. మొదటి ఇద్దరినే తీసుకుంటారు, ఆమె వయసుకి ఇక ఇంకో అవకాశం లేదు. కొలను పక్క బల్ల దగ్గర పేర్లు రాసుకునే పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది.

“పలక పట్టేదెవరమ్మా? మీవారేనా?”

మొగుడు అప్పటికే పలక కోసం చేయి చాపాడు.

“ఎవరూ వద్దండీ,” అంది ఆమె.

“పోయినసారి అంత జరిగాక కూడానా?” అంది పెద్దావిడ.

“హాస్యమాడుతోందండీ!” అన్నాడు మొగుడు. “పలకుంటేనే లెక్క తప్పింది మా ఆవిడకి. లేకపోతే మూడో ల్యాపుకే బయటికొచ్చి కాఫీ అడుగుతుంది.”

వరసలో వెనకున్న అమ్మాయిలు పక్కున నవ్వారు. ఆమె వాళ్ళతోపాటు నవ్వబోయి, ఆగింది.

“ఆ రోజు ఇంకా రెండు ల్యాపులున్నాయని నాకు తెలుసండీ,” అంది మొగుడి వైపు తిరిగి, నెమ్మదిగా. “తెలిసే ఆగాను. మీరు ఒకటి చూపించారని.”

ఆయన చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు. “మరి... ఆ మాట అప్పుడే అనొచ్చు కదే!”

“అప్పుడు మీ చేతివైపు చూస్తున్నాను,” అని, పెద్దావిడ దగ్గర కలం తీసుకుని, పలక పట్టేవారి పేరు రాయాల్సిన చోట ఆమె అడ్డగీత కొట్టింది.